సెలవు రోజు అన్నం

మొన్నామధ్య తిరుపతిలో ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, రైల్వే స్టేషను వైపున్న ఒక హోటల్లోకి భోజనానికి పోబోతూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. పార్శిళ్ల కోసం వచ్చే కుర్రాళ్లు బయటే వేచి ఉండవలెనని అద్దాల తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. దాని పక్కనే, వీపున పెద్ద సంచీ తగిలించుకున్న ఒక యువకుడు గోడ నీడకు ఒదిగి నిలబడి ఫోను వంక చూస్తున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలితో పాటు సాంబారు వాసన వచ్చి అతని ముఖానికి తగులుతోంది. నా వయసు వాళ్లకు ఉండే చొరవతో, అన్నం తిన్నావా నాయనా అని అడిగాను. "తినేదానికి టైమ్ యాడుండాది సార్?" అని నవ్వాడు. ఆ రోజు లీవు పెడదామనే అనుకున్నాడట, పెడితే వారమంతా తిరిగినందుకు పైన ఇచ్చేది కాస్తా పోతుందని మళ్లీ బండెక్కాడట. అంతలో పొట్లం చేతికి వచ్చింది, అతను వెళ్లిపోయాడు. నేను లోపలికి పోయి కూర్చున్నాను గానీ, సెలవు అనే మాట అంటున్నప్పుడు అతని గొంతులో వినిపించిన బెదురు నన్ను వదల్లేదు. అది నేను బాగా ఎరిగిన బెదురే.

డెబ్భైలు ముగిసే రోజుల్లో అదే ప్రాంతంలో, ఇప్పుడు లాడ్జీల మీద లాడ్జీలు లేచిన ఒక వీధిలో, రెండు భోజన హోటళ్లు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి మేడ కింద ఉండేది కాబట్టి దాన్ని మేడ హోటలనీ, రెండోదానికి రేకుల కప్పు కాబట్టి రేకుల హోటలనీ పిలిచేవాళ్లం. మేడ హోటల్లో మా బావ సప్లయరు, అంటే ఆకుల ముందు వంగి అన్నం, కూరలు వడ్డించే పని. ఆయన మా మేనత్త కొడుకు. చిత్తూరుకు పడమటనున్న మా మెట్ట పల్లెలో వానలు మొహం చాటేసిన ఏడు, చదువు ఆగిపోయి ఇంట్లో కూర్చున్న నన్ను ఆయనే వెంటబెట్టుకుని వచ్చి, రేకుల హోటల్లో అదే పనికి కుదిర్చాడు. కొండకు పోయేవాళ్లు, కొండ దిగివచ్చేవాళ్లు, గుండ్లమీద చందనం ఇంకా ఆరనివాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న తమిళులు, కన్నడిగులు, ఆకలి అన్నది ఏ భాషలో ఎలా విసుక్కుంటుందో ఆ హోటల్లోనే నేర్చుకున్నాను.

కనీస వేతనం అనే మాట మాత్రం చాలా ఏళ్ల తర్వాత పత్రికలో చేరాక తెలిసింది. ఆ మాటతో ఎన్ని వార్తలు రాశానో లెక్కలేదు. అది పెంచారనీ, అమలు కావడం లేదనీ, పెంచాలని ధర్నా చేశారనీ. కానీ రాసిన ప్రతిసారీ నా కళ్లకు కనబడింది అంకెలు కాదు, ఎప్పుడూ తడిగా ఉండే హోటలు నేలమీద నిలబడి నిలబడి వేళ్ల సందులు పాసిపోయిన మా పాదాలు. వాటికి రాసుకోవడానికి గదిలో అందరికీ కలిపి ఒక కొబ్బరినూనె సీసా. మేడ హోటలు వెనకున్న ఆ గదిలో రెండు హోటళ్ల వాళ్లమూ చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. చొక్కా ఉతికితే ఆరేదాకా ఇంకొకడి చొక్కా. వచ్చిన జీతంలో ఊరికి మనియార్డరు పోగా మిగిలేది తల నూనెకూ సబ్బుకూ సరిపోయేది. అయినా బతికామంటే హోటలు అన్నం వల్లే. జనం పల్చబడ్డాక ప్రతి సప్లయరుకూ ఒక ఆకు దక్కేది. జీతం తక్కువని ఎవరైనా సణిగితే, మొదలాళి, అంటే మా యజమాని, ఆ ఆకునే చూపించేవాడు.

అలా ఉండగా చిత్తూరు నుంచి ఒక లేబరాఫీసరు వచ్చి, వీధిలోని హోటళ్లన్నీ తనిఖీ చేసి, పనివాళ్లకు వారానికొక రోజు సెలవు ఇచ్చి తీరాలని గట్టిగా చెప్పి వెళ్లాడు. మంచివాడు. మా మేలు కోరే చెప్పాడు. మొదలాళులు ఎదురు చెప్పలేదు. ఒకేసారి అందరూ పోతే పని నడవదు గనుక ఒక్కొక్కరికీ ఒక్కో వారం పంచారు. బావకు బుధవారం, నాకు శుక్రవారం. జీతం కూడా కోయలేదు. కానీ అన్నం పనితో పాటు వచ్చేదే గనుక, పని లేని రోజు ఆకు లేదన్నారు. మేము రోజూ వందలమందికి వడ్డించే ఆ భోజనం టోకెను కొని తినాలంటే ఆ రోజు కూలి దాదాపు దానికే చెల్లిపోయేది. అలా మాకు సెలవు రోజంటే పస్తు రోజైంది. గదిలో పడుకుంటే వాసన, వీధిలో తిరిగితే వాసన. సాయంత్రం తిరుచానూరు దాకా నడిచి పోతే ఒక్కోసారి గుళ్లో దొన్నెడు పులిహోర దొరికేది, ఒక్కోసారి దొరికేది కాదు.

దీనికి మందు ఎవరు కనిపెట్టారో చెప్పలేను. కొన్నాళ్లకు వీధిలో ఒక పద్ధతి దానంతట అదే కుదురుకుంది. బుధవారం బావ మా హోటలుకు వచ్చేవాడు, నా ఆకు ఆయనకు వేసేవాణ్ని. శుక్రవారం నేను మేడ హోటలుకు పోయేవాణ్ని, ఆయన ఆకు నాకు వేసేవాడు. ఆకు ఇచ్చేసినవాడు మాడిపోవాలా అంటే, అక్కర్లేదు. లోపలివాడు గనుక వంటవాళ్లతో పాటు గుండిగ అడుగున మిగిలిన అన్నం, కలిసిపోయిన కూరలు తినొచ్చు. బయటివాణ్ని వంటింట్లోకి రానివ్వరు, వాడికి కావలసింది హాల్లో ఒక ఆకు. ఆకులూ టోకెన్లూ సరిపోయినంత కాలం గల్లాపెట్టె దగ్గరి మొదలాళి కూడా తల ఎత్తేవాడు కాదు.

అయితే హాల్లో కూర్చున్నాక మనిషి మారిపోతాడు. బావ దగ్గర ఒక తెల్ల చొక్కా ఉండేది, బుధవారమే తీసేవాడు. తల దువ్వుకుని, ఆ చొక్కా తొడుక్కుని, గోడవారనున్న బల్ల దగ్గర కూర్చునేసరికి మా సప్లయర్లందరికీ ఎక్కడలేని హుషారు వచ్చేది. "సారుకు ఇంకో అప్పళం ఎయ్యప్పా, బక్కసిక్కి పోయినాడు!" అని ఒకడు, "సార్, నెయ్యి సాలునా, డబ్బా తెచ్చేదా?" అని ఇంకొకడు. అన్నం గుట్టపోసి, గడ్డపెరుగు వెతికి తెచ్చి, చివరకు తమలపాకు చిలక కట్టి చేతికిచ్చేవాళ్లం. బావ కూడా తక్కువ తినలేదు. కనుబొమ్మ ఎగరేసి, సాంబారులో ఉప్పు తగ్గిందోయ్ అని పెద్దమనిషిలా విసుక్కునేవాడు. వారమంతా ఎవరెవరో మమ్మల్ని విసుక్కున్న విసుగంతా అలా ఆటలో తీరిపోయేది.

బావకు అప్పటికి ముప్పై దాటాయి. వచ్చిన సంబంధాలన్నీ సప్లయరనే మాట దగ్గర ఆగిపోయేవి. మా మేనత్త వచ్చినప్పుడల్లా గది గుమ్మంలో కూర్చుని, కొడుకు పెళ్లి చూడకుండానే పోతానేమోనని కళ్లొత్తుకునేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు గానీ, సాయంత్రాలు బస్టాండులో కొత్త దంపతులు గంపలతో, పెట్టెలతో దిగడం చూస్తూ చాలాసేపు నిలబడిపోవడం నేను గమనించాను.

అటువంటి ఒక బుధవారం, బావ ముందు ఆకు వేసిన కాసేపటికి, ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతుల మీద మామిడి సొన కాల్చిన మచ్చలు. టోకెను ఇచ్చి తన భోజనం తాను తింటూ, ఆయన బావ ఆకునూ మా ఆర్భాటాన్నీ కన్నార్పకుండా చూశాడు. బావను ఎవరూ టోకెను అడగలేదు. ముగ్గురం చుట్టూ తిరుగుతూ సార్, సార్ అంటున్నాం. బావ లేచి చెయ్యి కడుక్కుని, గల్లాపెట్టె వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. పెద్దాయన కూడా మజ్జిగ తాగి లేచిపోయాడు. రోజూ ఎందరో వస్తారు, మేము మరిచిపోయాం.

పక్షం తిరక్కుండా మా మేనత్త పరుగున వచ్చింది. బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట కాపు చూసుకునే ఒకాయన తన కూతుర్ని ఇస్తానన్నాడట. మధ్యవర్తి మాట నమ్మక స్వయంగా తిరుపతికి వచ్చి చూసుకుపోయాడట. మొదట మేడ హోటలుకు పోయి అబ్బాయి ఏడని అడిగితే, అక్కడి క్లీనరెవడో ఎప్పటి పరాచికంతోనే, సారు ఎదురు హోటల్లో భోంచేస్తా ఉండారని చెప్పాడట. ఆయన వీధి దాటి వచ్చి, చూడవలసిందంతా చూసి, అబ్బాయికి రెండు హోటళ్లలోనూ వాటా ఉన్నట్టుంది, అయినా గర్వం లేదు అని నిశ్చయించుకుని వెళ్లాడు. మా మేనత్త సంతోషంలో ఆ వాటా సంగతి కూడా సగం నమ్మేసినట్టే ఉంది. కొడుకు గడ్డం పట్టుకుని, "నాకు ఒక్క మాట సెప్పకుండా ఇంత దాసినావా నాయనా?" అంది.

ఆ రాత్రి గదిలో అదే చర్చ. ముందు అందరం నవ్వి నవ్వి అలిసిపోయాం, తర్వాత నవ్వులు ఆగాయి. మాలో అందరికంటే పెద్దవాడు, భార్యపోయిన మనిషి, కాళ్లకు నూనె రాసుకుంటూ తేల్చి చెప్పాడు.

"నోరు మూసుకోని ఉండు. పెండ్లయినంక ఆ పిల్లే సర్దుకుంటాది. ఈ మాటు పోతే నీకు ఇంగ ఎవురిస్తార్రా పిల్లను?"

మిగతావాళ్లం కూడా అదే అన్నాం. మేమేమీ అబద్ధం చెప్పలేదు కదా, ఆయనే అనుకున్నాడు కదా అని నేనూ అన్నాను. బావ తన చాప దులిపి పరుచుకున్నాడు. చివరకు, "ఆయన నన్ను యాడ సూసినాడప్పా? మీరేసిన నెయ్యిని సూసి పోయినాడు" అని, అటు తిరిగి పడుకున్నాడు.

మరుసటి బుధవారం తెల్ల చొక్కా తొడుక్కుని చిత్తూరు బస్సెక్కాడు. అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుని బంగారుపాళ్యం పోతాడు. మధ్యాహ్నం గోడవార బల్ల ఖాళీగా ఉంటే, నా ఆకు నేనే తింటూ, ఆ సమయానికి ఆయన ఏం చెబుతుంటాడో ఊహించుకుంటూ కూర్చున్నాను. దీపాలు పెట్టేవేళ వీధికి అవతల కనబడ్డాడు. నేను నీళ్ల బిందెతో అలాగే నిలబడి కళ్లతోనే అడిగాను. "సెప్పేసినా" అన్నాడు. అంతే. వాళ్లేమన్నారని ఎన్నిసార్లు అడిగినా, ఏమీ అనలేదప్పా, ఎండన పడి వచ్చినావు, అన్నం తినిపో అన్నారు అని మాత్రం చెప్పాడు. అన్నం పెట్టి పంపేయడం అంటే ఏమిటో మా అందరికీ అర్థమైనట్టే అనిపించింది.

తర్వాత వారాలు గడిచాయి గానీ ఆ వైపు నుంచి కబురు లేదు. బుధవారం బావ వచ్చి ఆకు ముందు కూర్చునేవాడు, సార్ అనడం మాకే నోరాడేది కాదు. నెయ్యి గిన్నె తీసుకుపోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. మామిడికాయలు పండ్లై, బంగారుపాళ్యం లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు బారులు తీరాయని వచ్చేపోయేవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ ఊరి పేరు వినబడితే ఆయన చేతిలోని గరిటె ఒక్క క్షణం ఆగేది.

సీజను అయిపోవస్తుండగా, ఆ దారిన తిరిగే బస్సు కండక్టరు ఒకాయన మేడ హోటలు ముందు వరిగడ్డి కప్పిన గంప ఒకటి దించాడు. తోట ఆయన పంపిన పండ్లు. దాంతో పాటు ఒకే ఒక ప్రశ్న.

"నీకు లీవు ఏ వారమో కనుక్కోని రమ్మన్నాడప్పా."

ఎందుకు అడిగాడో కండక్టరుకూ తెలియదు. గది రెండుగా చీలిపోయింది. మళ్లీ వచ్చి పరీక్షగా చూస్తాడని కొందరు, లేనిరోజు చూసుకుని మొదలాళిని విచారించడానికని మరికొందరు. బావ ఏ పక్షానా చేరలేదు. బుధవారమని చెప్పి పంపాడు. జవాబు కూడా ఆ బస్సులోనే వచ్చింది. సప్లయరుకు ఇంకో రోజు నాగా పెడితే జీతం కోస్తారు, పనే పోయినా పోవచ్చునని ఎక్కడో విచారించుకుని, ఆ పెద్దాయన పురోహితుడి దగ్గర కూర్చుని, బుధవారమే పడేటట్టు ముహూర్తం పెట్టించాడు. కండక్టరు ఆ మాట చెప్పి డబుల్ విజిల్ వేసి వెళ్లిపోయాడు. మా బావ గరిటె సాంబారు బకెట్లో వదిలేసి, వంటింటి వెనక్కి పోయి, మొహం మీద నీళ్లు చల్లుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

ఆ పెళ్లికి నేను పోలేదు. నా సెలవు శుక్రవారం. మార్చమని మొదలాళిని బతిమాలాను. చెడ్డవాడు కాదు, కానీ ఒకడికి వారం మారిస్తే రేపు అందరూ అడుగుతారని భయపడ్డాడు. రెండు హోటళ్లలో కలిపి ఆ రోజు సెలవున్నవాళ్లు బావ కాక మా క్లీనరొకడే, అందరి తరఫునా వాడే వెళ్లాడు. అక్కడ తాళి కట్టే వేళకు నేను ఎవరో యాత్రికుల కుటుంబానికి చారు వడ్డిస్తున్నాను. వాళ్లలో ఒకామె, ఏమయ్యా, చారు పొర్లిపోతోంది అని కసురుకుంటే గానీ చూసుకోలేదు. రాత్రి క్లీనరు తెచ్చిన మూట విప్పుకుని, చల్లబడిన పెళ్లి లడ్లూ పులిహోరా తింటూ, తోరణాలు ఎలా కట్టారో, బావ పట్టుపంచెలో ఎలా తడబడ్డాడో వాణ్ని అడిగి అడిగి చెప్పించుకున్నాం. ఇప్పటికీ ఆ పెళ్లి నాకు కళ్లతో చూసినట్టే ఉంటుంది, చూడనిది కాబట్టే అలా ఉందేమో.

తిరుచానూరు పోయే దారిలో ఒక మిద్దె మీది గదిలో వాళ్లు కాపురం పెట్టారు. బావ భార్యను నేను అక్కా అనేవాణ్ని. వచ్చిన వారంలోనే ఆమె మా సెలవుల పద్ధతంతా అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత ఎదురు హోటలు ఆకుతో మాకు పని పడలేదు. ఎవరి సెలవు రోజున వాళ్లు ఆ మెట్లెక్కి పోవడమే. నా వారం శుక్రవారం. వాళ్లకు మాత్రం ఎక్కడుంది? తోట నుంచి వచ్చిన రాగులు, చెనక్కాయలు, హోటలు జీతం. సంగటి ముద్ద, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, ఒక్కోసారి పులుసు. మొహమాటపడి గుమ్మంలో నిలబడితే, "రాప్పా, నీ కోసమే కదా గెలికి పెట్టింది, సల్లారితే గడ్డ కడతాది" అని కేకేసేది. అంతకుముందు ఆ ఊళ్లో ఎందరికో వడ్డించాను, ఎన్నో ఆకుల మీద తిన్నాను. నేను వస్తానని లెక్కవేసుకుని ఎవరైనా పొయ్యి వెలిగించడం అదే మొదలు.

తోటలో ఆ రోజు ఏం జరిగిందో కూడా ఆమె చెబితేనే తెలిసింది. బావ ఎండలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడట. వాళ్ల నాయన గంపల్లో గడ్డి సర్దుతూ విన్నాడే గానీ తల ఎత్తలేదట. తర్వాత ఇంట్లోకి పిలిచి ఆకు వేస్తే, ఈమె తలుపు చాటు నుంచి వచ్చి, సాంబారు కావాలా అని అడిగిందట. ఆ మాట చెవిన పడగానే బావ తినేది వదిలేసి, ఎవరికో వడ్డించాలన్నట్టు చటుక్కున లేచి నిలబడ్డాడట. చెబుతూ ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది, పని ముగించుకుని వచ్చిన బావ సంగటి మీది నుంచి తల ఎత్తేవాడు కాదు. "మా నాయన ఒప్పుకునేదానికి మామిడికాయలన్నీ అయిపోయినాయి. నేను ఆడే, అప్పుడే ఒప్పుకున్నా" అనేది.

తర్వాత నాకు చిత్తూరులో ఒక పత్రికాఫీసులో పని దొరికింది. జీతం గొప్పగా ఏమీ పెరగలేదు గానీ, బల్ల ముందు కూర్చుని చేసే పని. మొదట్లో శుక్రవారం కాకపోయినా వీలైన రోజు బస్సెక్కి వచ్చేవాణ్ని, మెల్లగా అది పండగలకు తగ్గి, ఆ తర్వాత కార్డు ముక్కల్లోకి పోయింది. మేడ హోటలు పడిపోయి లాడ్జీ లేచింది. రేకుల హోటలు ఉన్నచోట ఇప్పుడు బండ్లు నిలుపుతున్నారు. బావ పోయి చాలా ఏళ్లు, అక్క ఆయన వెనకే పోయింది. నాకు ఇప్పుడు రోజూ సెలవే, ఏ హోటల్లోనైనా ధర చూడకుండా తినగలను, ఫోను నొక్కితే ఇంటికే వస్తుంది. తెచ్చినవాడి ముఖం కూడా సరిగా చూడను, వాడికీ నా ముఖంతో పనిలేదు. ఫలానా వారం ఫలానావాడు ఆకలితో వస్తాడని గుర్తుపెట్టుకుని ఎదురుచూసే గుమ్మం మాత్రం మళ్లీ ఎక్కడా కనబడలేదు.

ఆ గదిలో నేను తిన్న చివరి శుక్రవారం ఏదో ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాదు. అది చివరిదని తెలిసి తిన్నది కాదు కదా. ఎప్పటిలాగే కడుపునిండా తిని, పళ్లెం కడిగి బోర్లించి, వచ్చే వారం వస్తానక్కా అని మెట్లు దిగి ఉంటాను.